కూలిన యుద్ధవిమానముల తునుకలు

గడచిన విద్యాసంవత్సరమున మన పాఠశాల విజ్ఞానప్రదర్శనమునకు పది దినములు ముందుగా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు అరచేతి వెడల్పు గల లోహపు రేకు నొకదానిని చేతిగుడ్డలో చుట్టి తెచ్చి మా బల్లపై నుంచెను. దాని యంచులు చినిగి ముడుతలు పడియుండెను. ఒక ప్రక్క వరుసగా నాలుగు రివెట్టు రంధ్రములును, లోపలివైపున పచ్చయు బూడిదయు కలసినట్టి రంగు కొంచెమును మిగిలియుండెను. ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న అతని మేనమామ ఆ దేశపు పాతవస్తువుల సంతలో దానిని కొని, సెలవులకు వచ్చినపుడు మేనల్లునికి కానుకగా నిచ్చెనట. దానితోడి చీటిపై "హరికేను యుద్ధవిమానము, 1940" అను మాటలు మాత్రమే యుండెను. "మాస్టరుగారూ, ఆ యుద్ధములో హైదరాబాదు పేరు గల దళమొకటి హరికేనులతో పోరాడెనని మా మామయ్య చెప్పినాడు. ఇది ఆ దళపు విమానములోనిదని చీటి వ్రాసి మన అలమరలో పెట్టవచ్చునా?" అని వాడడిగెను.

వాడు ప్రశ్న వేసిన తీరు మాకు నచ్చెను. పెట్టవచ్చునా అని యడిగెనే గాని పెట్టెదనని చెప్పలేదు. ఆ దినమున "చూతము" అని మాత్రము చెప్పి వానిని తరగతికి పంపితిమి. ఆ పది దినములలోను, తరువాత వేసవి సెలవులలోను మేము చదివి తెలిసికొన్న సంగతులలో మన బాలబాలికలకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని తోచినవానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మేనమామ చెప్పినది కట్టుకథ కాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1918లో, హైదరాబాదు నిజాము బ్రిటిషు విమానబలమునకు ఒక దళమునకు సరిపడు విమానములను కానుకగా నిచ్చెను. అందుచే 110వ దళమునకు హైదరాబాదు పేరు వచ్చినది. రెండవ యుద్ధకాలమున మరి రెండు దళములు ఆ పేరు ధరించినవి. అందులో 152వ దళమువారు స్పిట్‌ఫైరు విమానములతో ఇంగ్లండు దక్షిణతీరమునందలి వార్మ్‌వెల్ నుండి పోరాడిరి. వారి చిహ్నముపై నిజాము తలపాగా కలదు. 253వ దళమువారికి హరికేనులుండెను. వారు 1940 ఆగస్టు చివర లండనుకు దక్షిణముననున్న కెన్లీకి వచ్చిరి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు చేరియుండిన మద్రాసు రాజధాని పేరును 79, 234, 264 అను సంఖ్యలు గల దళములు ధరించినవి. ఒక యుద్ధవిమానము వెల యని 5,000 పౌండ్లు పంపినవారి పేరును ఆ విమానముపై వ్రాయుట ఆనాటి యాచారము. నిజమైన వెల అంతకు మించియుండెను గాని, చందాదారుల యుత్సాహమునకు అది యడ్డు రాలేదు. నిజాము ఖజానాలో తెలంగాణపు రైతు కట్టిన శిస్తు కూడ కలదు గదా! కావున ఇంగ్లండు పొలములలో పడి మట్టిలో కూరుకొనిపోయిన ఇనుముతో మనకేమి పని యని యెవరైన ననినచో, కొంచెము పని కలదనియే మేము చెప్పుదుము.

1940 జూలై 10వ తేదీ మొదలు అక్టోబరు 31వ తేదీ వరకు ఇంగ్లండు దక్షిణభాగపు ఆకాశమున జరిగిన పోరాటమును బ్రిటను యుద్ధమందురు. ఆ నాలుగు మాసములలో బ్రిటిషువారి విమానములు వేయికి పైగా, జర్మనులవి పదునేడు వందలకు పైగా నశించినవి. అందులో అనేకములు కెంటు, ససెక్సు జిల్లాల గోధుమ చేలలోను, పండ్లతోటలలోను, సముద్రపు పఱ్ఱలలోను కూలినవి. పాఠశాల బాలురకు అది పండుగ వలె నుండెను. విమానము పడిన పొగ కనబడిన తోడనే సైకిళ్లెక్కి పరుగిడి, కాపలావారు వచ్చుటకు ముందే చేతికందినదానిని జేబులో వేసికొని పోవుచుండిరి. కాల్చిన తూటాల గొట్టములు, గడియారపు ముండ్ల వంటి ముండ్లు గల పలకలు, గాజువలె కనబడు పర్‌స్పెక్సు ముక్కలు తరగతిలో చేతులు మారుచుండెడివి. పర్‌స్పెక్సును ఆకురాయితో రాచి ఉంగరములు చేసికొనుట కూడ కలదు. మన బాలురు గోలీలను, తపాలాబిళ్లలను మార్చుకొనుటకును దీనికిని భేదము లేదు. కాని అట్లు తీసికొనుటను ప్రభుత్వము నిషేధించెను. దానికి రెండు కారణములు. శత్రువిమానములోని ప్రతి క్రొత్త యంత్రభాగమును నిపుణులు పరీక్షింపవలసియుండెను. అల్యూమినియము మిక్కిలి కరవుగా నుండెను. 1940 జూలైలో విమాననిర్మాణ మంత్రి బీవర్‌బ్రూకు ప్రభువు ఇల్లాండ్రను తమ వంటపాత్రలనే యిమ్మని వేడుకొనెను. కూలిన విమానములను ససెక్సులోని ఫేగేటు నందున్న 49వ సంరక్షక విభాగమువారు లారీలపై నెత్తి తెచ్చుచుండిరి. శకలములు చివరకు ఆక్స్‌ఫర్డు చెంతనున్న కౌలీ యను చోట కుప్పలుగా పడి, కరగి, మరల విమానములగుచుండెను. ఆ కుప్పలను చూచిన పాల్ నాష్ అను చిత్రకారుడు వెన్నెలలో గడ్డకట్టిన సముద్రపు అలలవలె వానిని చిత్రించెను. ఆ పటము లండనులోని టేటు చిత్రశాలకు చేరినది.

ఇన్ని లారీలు మోసికొనిపోయిన పిదప త్రవ్వుటకు ఏమి మిగిలినదని యడుగవచ్చును. విమానము కూలుటలో రెండు విధములు కలవు. వైమానికుడు దానిని అదుపులో నుంచుకొని పొలములో పొట్టపై దింపినచో అది ఇంచుమించు చెక్కుచెదరక నిలుచును. దానిని తీసికొనిపోవుట సులభము. అట్లుగాక ముక్కు క్రిందుగా తిన్నగా పడినచో వేగము గంటకు 400 మైళ్లు ఉండవచ్చును. ఆ వేగముతో విజయవాడ నుండి విశాఖపట్టణమునకు అరగంటలో చేరవచ్చును. అప్పుడు రెక్కలు నేలపైననే తునుకలైపోవును గాని, ఆరువందల కిలోగ్రాముల బరువు గల ఇంజను మేకువలె నేలలో దిగును. మెత్తని బంకమట్టిలో 15, 20 అడుగుల లోతున, కొన్నిచోట్ల ఇంకను క్రింద, అది ఆగును. దాని వెనుకనున్న వైమానికుని గది దానివెంటనే దిగును. ప్రతిదినము పదుల కొలది విమానములు పడుచుండగా ఇట్టివానిని త్రవ్వి తీయుటకు తీరిక యెక్కడిది? పైనున్న రేకులను ఏరుకొని, గుంటను పూడ్చి, పనివారు తరువాతి చోటికి పోవుచుండిరి. మరుసటి సంవత్సరము రైతు దానిపై నాగలి దున్నెను.

నేలలో నిలిచినది ఎట్లు నిలిచినదనుట రసాయనశాస్త్రపు ప్రశ్న. విమానపు రేకు శుద్ధమైన అల్యూమినియము కాదు. అది కేవలమే మెత్తన. నూటికి నాలుగు పాళ్లు రాగియు, కొలదిగా మగ్నీషియము, మాంగనీసును కలిపి కాచి చల్లార్చినచో అది కొన్ని దినములలో తనంతట గట్టిపడును. ఈ సంగతిని 1906 ప్రాంతమున ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. దానినే డ్యూరాల్యుమిను అందురు. జర్మను కనిపెట్టిన లోహముతోనే జర్మనులపై పోరాడు విమానములు కట్టబడుట చరిత్రలోని వింతలలో నొకటి. గాలి చొరని జిగురు బంకమట్టిలో ఈ లోహము ఎనుబదియేండ్ల తరువాత కూడ రంగుతో సహా బయటపడును. పెట్రోలు వాసన కూడ వచ్చునని త్రవ్వినవారు చెప్పుదురు. సుద్దనేలలో క్షారము దానిని తినివేయును. మగ్నీషియము హెచ్చుగా గల పోతభాగములు తెల్లని పిండియై రాలిపోవును. ఇనుము త్రుప్పు పట్టును, ఇత్తడి నిలుచును. కావున త్రవ్వునపుడు మట్టియే సగము కథ చెప్పును.

యుద్ధము ముగిసిన ఇరువదియేండ్లకు, ఆనాడు సైకిళ్లపై పరుగెత్తిన బాలురు పెద్దవారైరి. 1969లో బ్రిటను యుద్ధమును గూర్చిన గొప్ప చలనచిత్రము వచ్చినది. దానితో కూలిన విమానములను వెదకు వేడుక ఆ దేశమున హెచ్చెను. ఊరూర సంఘములు కూడి, ఆదివారములయందు పారలతోను మట్టి త్రవ్వు యంత్రములతోను పొలములకు పోవుచుండిరి. వారిలో ఓపికతో వ్రాసి యుంచినవారు కలరు. ఇంజనును పైకి లాగి ఫోటో తీసికొని, తక్కినదానిని పంచుకొని పోయినవారును కలరు. ఈ రెండవ తరగతివారు చేసిన నష్టము ఎట్టిదో తెలియుటకు రెండు సంగతులు చెప్పవలెను.

1940 ఆగస్టు 30వ తేదీన పైని చెప్పిన 253వ హైదరాబాదు దళమునకు చెందిన కోలిన్ ఫ్రాన్సిస్ అను యువకుడు కెన్లీ నుండి హరికేనుపై లేచి తిరిగి రాలేదు. అతనికి ఇరువదియేండ్లు నిండలేదు. ఎక్కడ పడెనో ఎవరికిని తెలియదు. యుద్ధానంతరము రన్నీమీడు కొండపై 1953లో తెరచిన స్మారకమందిరమున, సమాధి లేని వైమానికుల పేర్లు ఇరువదివేలకు పైగా రాతిపై చెక్కబడినవి. ఫ్రాన్సిస్ కుటుంబమువారికి మిగిలినది అట్టి పేరు మాత్రమే. 1981లో కెంటు జిల్లాలోని రోథమ్ గ్రామసమీపమున ఒక హరికేనును త్రవ్వి తీయగా అందులో అతడుండెను. నలువది యొక్క సంవత్సరముల తరువాత బ్రుక్‌వుడ్ సైనికశ్మశానమున అతనికి సమాధి ఏర్పడినది. అంతకు రెండేండ్ల ముందు, 1979లో, షెప్పీ ద్వీపపు పఱ్ఱలలో హ్యూ బెరెస్‌ఫర్డు అను మరియొక వైమానికుని హరికేను బయటపడెను. అతడు 1940 సెప్టెంబరు 7న, లండనుపై మొదటి పెద్ద పగటిదాడి జరిగిన దినమున, 46వ దళములోని కొందరిని నడిపించుచు పోయి మరలనివాడు. ఒక పల్లెటూరి పాదిరిగారి కుమారుడు. అతడును బ్రుక్‌వుడ్ నందే సైనికమర్యాదలతో నిద్రించుచున్నాడు.

ఇప్పుడు ఆలోచింపుడు. ఇట్టి గుంటలో మొదట పార వేసినవాడు, సంఖ్య చెక్కియున్న చిన్న లోహపుబిళ్లను చూచి, ఇది ముచ్చటగా నున్నదని జేబులో వేసికొని ఇంటికి పోయినచో ఏమగును? ఆ బిళ్ల వాని అలమరలో ఒక వింతవస్తువుగా నుండును. నేలలోనున్నవాడు ఎవడో తెలియదు. ఒక తల్లికో చెల్లెలికో రావలసిన వార్త ఆ అలమరలో తాళము క్రింద పడియుండును. దొంగతనములలో ఇంత చిన్నదియు, ఇంత పెద్దదియు మరియొకటి మాకు తోచుటలేదు.

ఇట్టి చిక్కులు పెరుగుటచే బ్రిటిషు పార్లమెంటు 1986లో సైనికావశేష సంరక్షణ చట్టమును చేసెను. సైనికసేవలో నుండగా కూలిన విమానము ఏ దేశపుదైనను, ఆ దేశపు నేలలో నున్నంతకాలము అది సంరక్షిత స్థలమే. రక్షణశాఖ అనుమతిపత్రము లేక దానిని కదల్చుట, త్రవ్వుట, వస్తువులను తీయుట నేరము. భూస్వామి సమ్మతి వేరుగా పొందవలెను. మనుష్యావశేషములు ఉండునని తోచినచోట సాధారణముగా అనుమతి నీయరు. పేలని బాంబులున్నచోటను ఈయరు. అనుకొనకుండ ఎముక కనబడినచో పని ఆపి పోలీసువారికిని రక్షణశాఖకును తెలుపవలెను. చట్టము కఠినమని కొందరు సంఘములవారు సణుగుదురు. అయితే కుటుంబములవారే త్రవ్వుమని వేడుకొన్నను అధికారులు అంగీకరింపని సందర్భములు కూడ కలవు. అట్టివారి బాధను మేము తేలికగా త్రోసివేయజాలము. ఐనను ఎవని యిష్టము వచ్చినట్లు వాడు త్రవ్వు కాలముకంటె ఈ కాలమే మేలని మా యభిప్రాయము.

సక్రమముగా చేయువారి పని నేలపై గాక కాగితములపై మొదలగును. దళము దినచర్య పుస్తకము, పోరాటము ముగిసిన పిదప వైమానికులు వ్రాసిన నివేదికలు, ఊరి పోలీసుల పుస్తకములు, ఆనాడు చూచిన వృద్ధుల జ్ఞాపకములు — వీనినన్నిటిని ప్రక్కప్రక్క నుంచి చూతురు. ఒకడు కొండకు తూర్పున పడెననును, మరియొకడు పడమరననును. తరువాత లోహమును కనిపెట్టు పరికరముతో చేనంతయు గళ్లు గళ్లుగా నడతురు. తునుకలు ఎక్కడ చిక్కగా నున్నవో అక్కడ గుంట యుండును. అప్పుడు గాని మనవారు ప్రొక్లెయిను అని పిలుచు యంత్రము రాదు. తీసిన మట్టిని జల్లెడ పట్టి, ప్రతి తునుకను కడిగి, ఎంత లోతున ఏ ప్రక్క దొరికినదో వ్రాసికొందురు. వారముల పాటు చదివి, ఒక దినము త్రవ్వి, మాసముల పాటు కడుగవలెను.

ఈ విషయమున ఒక త్రవ్వకము మిక్కిలి ప్రసిద్ధము. 1940 సెప్టెంబరు 15న 504వ దళమునకు చెందిన రే హోమ్స్ అను సార్జెంటు లండను నగరముపై ఒక జర్మను డోర్నియరు బాంబరును తన హరికేనుతోనే తాకెను. బాంబరు విక్టోరియా రైలుస్టేషనుపై పడెను. హరికేను బకింగ్‌హామ్ ప్యాలెస్ రోడ్డులో పడి భూమిలో దిగెను. హోమ్స్ గాలిగొడుగుతో ఒక యింటిపైకప్పున దిగి, అచ్చటనుండి జారి, చివరకు ఖాళీ చెత్తడబ్బాలో కాళ్లు పెట్టి వ్రేలాడెనట! వీరులకు సైతము ఇట్టివి తప్పవు. రోడ్డును పూడ్చి, దానిపై బండ్లు అరువది యేండ్లకు పైగా నడచినవి. 2004 మే మాసమున ఆ వీధిని త్రవ్వి ఇంజనును పైకి తీసిరి. అప్పటికి హోమ్స్ సజీవుడు, ఎనుబదితొమ్మిదేండ్ల వృద్ధుడు. తన చేతిలో చివరగా నుండిన నడుపుకఱ్ఱను ఆయన మరల చూచెను. మరుసటి సంవత్సరమే ఆయన కాలధర్మము చెందెను.

తునుక ఏ విమానముదో తెలిసికొనుట ఎట్లు? మొదట కట్టుబడి చూడవలెను. హరికేను వెనుకభాగము ఉక్కు గొట్టములతోను, కఱ్ఱపుల్లలతోను కట్టి పైని నారగుడ్డ బిగించి రంగు పూసినది. స్పిట్‌ఫైరు ఒడలంతయు లోహపు రేకే. కావున రేకు నంతటిని హరికేను తోక యని యమ్మువానిని నమ్మరాదు. ఇక చిన్న చిన్న అచ్చు గుర్తులు. స్పిట్‌ఫైరు మొదటి రకపు భాగముల సంఖ్యలు 300 తో మొదలగును; హరికేను కట్టిన హాకర్ కర్మాగారపు తనిఖీముద్ర 41 హెచ్ అని యుండును. ఇవి విమానపు జాతిని తెలుపును గాని ఆ విమానమునే గుర్తింపవు. ఆ పనికి ఇంజను సంఖ్య, మరతుపాకుల సంఖ్యలు, లేక విమానపు సంఖ్య గల బిళ్ల దొరకవలెను. అమెరికనులు 1943 నుండి తప్పిపోయిన ప్రతి విమానమునకు వ్రాసిన నివేదికలలో ఇంజనుల సంఖ్యలను, తుపాకుల సంఖ్యలను చేర్చిరి. ఆనాడు ఆఫీసులో కూర్చుండి విసుగుతో ఆ యంకెలు వ్రాసిన గుమాస్తా, ఎన్నడును చూడని యింటివారికి ఎంత యుపకారము చేసెనో తానెరుగడు.

మన బాలురలో కొందరికి ఇది చదివి పాత ఇనుప సామాను కొట్లలో వెదకవలెనను కోరిక పుట్టవచ్చును గనుక అపాయములను కూడ చెప్పుచున్నాము. ఒక్కొక్క హరికేనులోను స్పిట్‌ఫైరులోను ఎనిమిది మరతుపాకులు, ఒక్కొక్కదానికి మూడు వందల తూటాలు లేక అంతకంటె కొంచెము హెచ్చుగా నుండెను. మట్టిలో నున్నంతమాత్రమున తూటా చావదు. ఇక కంటికి కనబడని అపాయము మరియొకటి కలదు. చీకటిలో వెలుగుటకై ఆనాటి పలకల యంకెలకు రేడియము కలిపిన రంగు పూసెడివారు. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ ధాతువు శక్తి సగమగుటకు 1,600 సంవత్సరములు పట్టును. పలకపై వెలుగు చచ్చిపోయినను రేడియము చావలేదు. అట్టి పలకను గోకి ఆ పొడిని పీల్చుట మిక్కిలి కీడు.

ధనము సంగతి కూడ కొంచెము. 1940 మే 24న కలే యను ఫ్రెంచిపట్టణము చెంత సముద్రపుటొడ్డున దిగిన స్పిట్‌ఫైరు ఒకటి ఇసుకలో మునిగిపోయెను. దాని సంఖ్య పి 9374. 1980లో అది ఇసుకనుండి బయటపడెను. దానిని మరల కట్టగా 2011లో ఎగిరినది. 2015 జూలైలో లండనులో జరిగిన వేలమున ముప్పది లక్షల పౌండ్లకు పైగా పలికి, ఆ ధనము ధర్మకార్యములకు పోయినది. క్రొత్త రేకులు వేసి కట్టిన విమానమునకు అంత వెల రావలెనన్న పాత విమానపు గుర్తు నిశ్చయముగా తెలియవలెను. అనగా వెల లోహమునకు గాదు, దాని చరిత్రకు. చిన్న తునుకల వర్తకమునందును ఇదే సూత్రము. అందుచేతనే అబద్ధపు చీటీలు పుట్టినవి. పగిలిన రేకునకు వీరుని పేరు తగిలించుటకు ఒక కలము చాలును.

ఇక మా విద్యార్థి రేకు. దానిని రసాయనశాలకు తీసికొనిపోయితిమి. అయస్కాంతమునకు అంటలేదు. వాడే తూచి, కొలపాత్రలోని నీటిలో ముంచి, సాంద్రత లెక్కించెను: మొదటిసారి 3.1 వచ్చినది. రివెట్టు రంధ్రములలో గాలిబుడగలు నిలిచియుండవచ్చునేమో యని మేమంటిమి. "గాలి నిలిచిన నీరు ఎక్కువ లేచును, అప్పుడు సాంద్రత తగ్గవలెను గదా, మాస్టరుగారూ" అని వాడు మమ్మునే దిద్దెను. తూకమును, నీటిమట్టమును మరల చూచినపుడు వాడు నీటిమట్టమును తప్పుగా చదివినట్లు తేలెను, రెండవసారి 2.8 వచ్చినది. డ్యూరాల్యుమిను సాంద్రత అదియే. కాబట్టి విమానపు లోహమగుటకు తగియున్నది. భూతద్దముతో రెండు గంటలు వెదకినను సంఖ్య గాని ముద్ర గాని కనబడలేదు. రేకు గనుక హరికేనుదైనచో రెక్కదో ముందుభాగపుదో కావలెను. వాని మేనమామకు ఫోను చేయించితిమి. అమ్మినవాడు దొరికిన చోటు చెప్పలేదనియు, తానడుగుట తోచలేదనియు ఆయన నిజాయితీగా చెప్పెను. ఈసారి ఆ సంతకు పోయినపుడు అడిగెదనని మాట యిచ్చెను.

బాలుని ముఖము చిన్నబోయెను. హైదరాబాదు దళమను మాట చీటిపై నుండవలెనని వాడెంతయో కోరెను. వానికి కోలిన్ ఫ్రాన్సిస్ కథ చెప్పితిమి. ఆ దినమున వాడేమియు మాటాడలేదు. మరునాడు తానే చీటి వ్రాసి తెచ్చెను. ప్రదర్శనపు అలమరలో రెండవ అరపై ఆ రేకు ఇప్పటికిని కలదు. చీటిపై వాని గుండ్రని చేవ్రాతతో ఇట్లున్నది: "అల్యూమినియపు మిశ్రమలోహపు రేకు. సాంద్రత 2.8. విమానములోనిదని అమ్మినవాడు చెప్పినాడు. ఏ విమానము: తెలియదు. దొరికిన చోటు:" — అటుపిమ్మట రెండంగుళముల ఖాళీ విడిచియున్నాడు.